ఉప్పునీటి ట్యాంకులో చిన్న చేపలు: చేపను ఆఖర్న కొనండి

మా హాల్లో మూడడుగుల గాజు ట్యాంకు ఉంది. దాని ఎడమ మూల, రాయి కింద, ఒక పసుపు గోబీ చేపా ఒక పిస్టల్ రొయ్యా ఒకే గుంతలో కాపురం ఉంటున్నాయి. రొయ్యకి చూపు సరిగా ఆనదు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఇసుక ఎత్తి బయట పోస్తూనే ఉంటుంది, కానీ గుమ్మం దాటిందంటే ఒక మీసం గోబీ ఒంటికి ఆనించే ఉంచుతుంది. ఎక్కడైనా నీడ కదిలితే గోబీ తోక చిన్నగా అల్లాడిస్తుంది. ఆ కబురు మీసానికి అందగానే రొయ్య లోపలికి జారుకుంటుంది. ప్రమాదం మరీ దగ్గరికొస్తే గోబీ కూడా తలకిందులుగా దూకేస్తుంది. నేను ఉప్పునీటి ట్యాంకు పెట్టుకున్నది ఈ జంట కోసమే.

బరంపురంలో, ఛత్రపురంలో, పర్లాకిమిడిలో, ఇటు ఇచ్ఛాపురం వైపు కూడా ఈ సరదా మొదలుపెట్టినవాళ్లు ఉన్నారు. అందరూ ముందు అడిగే ప్రశ్న ఒక్కటే, ఏ చేప కొనమంటారని. చేప ఆఖర్న అని చెప్తాను. ట్యాంకులో నీళ్లు పోసిన రోజుకీ మొదటి చేప అందులో ఈదే రోజుకీ మధ్య కనీసం రెండు నెలలు ఉండాలి. ఆ రెండు నెలలూ ఏం చేయాలో, మన ఎండలకీ మన కరెంటుకీ తగ్గట్టు ఎలా చేయాలో వరసగా చెప్తాను.

ట్యాంకు, చోటు

చిన్న చేపలకి చిన్న ట్యాంకు చాలనుకుంటాం. ఉప్పునీటిలో అది తలకిందులు. నీళ్లు తక్కువుంటే వేడీ, ఉప్పూ, మలినమూ గంటల్లో మారిపోతాయి, ఎక్కువుంటే మీరు పొరపాటు దిద్దుకునేంత వ్యవధి దొరుకుతుంది. 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు ఉన్న ట్యాంకు మొదటిసారికి సరైన కొలత. నిండా పోస్తే 180 లీటర్ల పైన పడతాయి, రాళ్లూ ఇసుకా చోటు తీసుకున్నాక 150 లీటర్ల నీళ్లు మిగులుతాయి. 10 మి.మీ. గాజుతో చేయించండి. అతికించిన సిలికాన్ ఆరడానికి వారం రోజులు వదిలేయండి.

అన్నీ కలిపి బరువు పావు టన్ను దాటుతుంది. మేడ మీద పెడితే గది మధ్యలో కాకుండా గోడ వారగా, కింద దూలం ఉన్నచోట పెట్టండి. కిటికీ ఎండ తగలకూడదు. ఇనుప స్టాండు మన ఊళ్లలో ఉత్తినే ఉంచినా తుప్పు పడుతుంది, దాని మీద ఉప్పునీళ్లు చిందితే ఇక చెప్పక్కర్లేదు. మంచి ప్లైవుడ్డో, అల్యూమినియమో వాడండి.

ట్యాంకు కింద బీరువాలో సంప్ అనే రెండో తొట్టి, అందులో మలినాన్ని నురగలా పైకి తీసే ప్రొటీన్ స్కిమ్మర్, నీళ్లు పైకి పంపే పంపు, పైన ట్యాంకులో నీళ్లని కదిలించే రెండు వేవ్‌మేకర్లు, పగడాల ట్యాంకులకి వాడే ఒక రీఫ్ ఎల్‌ఈడీ లైటు. సామాను ఇంతే. కరెంటు విషయంలో మాత్రం ఖర్చుకి వెనకాడకండి. ఎర్తింగు సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకుని, ఆ లైనుకి విడిగా, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే ఆర్‌సీసీబీ పెట్టించండి. ప్రతి వైరూ ప్లగ్గులోకి వెళ్లేముందు ఒకసారి కిందికి వేలాడాలి. వైరు వెంట జారిన నీటిచుక్క అక్కడ నేలమీద పడుతుంది, ప్లగ్గులోకి పోదు.

నీళ్లు

మా బరంపురానికి గోపాలపూర్ తీరం పదిహేను కిలోమీటర్లు. సముద్రం అంత దగ్గర పెట్టుకుని ఉప్పు ప్యాకెట్లు కొనడమేమిటని మా నాన్నగారు కూడా అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఒడ్డున దొరికే నీరు పగడాల సముద్రంలోని నీరు కాదు. వానాకాలంలో మహానది, రుషికుల్య, ఉత్తరాన గంగ, బ్రహ్మపుత్ర తెచ్చి పోసే మంచినీళ్లు బంగాళాఖాతం పైపొరను పలచన చేస్తాయి. అక్టోబరు, నవంబరుల్లో ఆ పలచని నీరు తీరం వెంట దక్షిణానికి ప్రవహిస్తుంది. మే నెలలో తెచ్చిన బిందెకీ నవంబరులో తెచ్చిన బిందెకీ ఉప్పదనంలో పొంతన ఉండదు. ఒండ్రు సరేసరి. మన తీరంలో పగడపు దిబ్బలు కనిపించకపోవడానికి ఆ మంచినీరూ ఆ ఒండ్రూ కారణాలే. గోపాలపూర్ జాలర్లు, నోలియాలు, తెప్పల మీద లోపలికి వెళ్లి తేగలిగిన నీరు నయమే, కానీ వారం వారం అలా ఎవరు తెస్తారు?

వంట ఉప్పు కూడా పనికిరాదు. హుమ్మా మడుల్లో పండే ఉప్పు సముద్రపు నీటిలోంచి వచ్చిందే, అయినా మడిలో గడ్డకట్టేది ఎక్కువగా సోడియం క్లోరైడే. మెగ్నీషియం చాలావరకు చివర్న పారబోసే చేదునీటిలోనే ఉండిపోతుంది. పగడానికి సున్నం కావాలి, మెగ్నీషియం కావాలి, ఇంకా ఎన్నో కావాలి. అందుకని రీఫ్ ట్యాంకుల కోసమే చేసిన ఉప్పు కొనండి. లీటరుకి 35 నుంచి 38 గ్రాములు పడుతుంది, అంటే 150 లీటర్లకి సుమారు ఐదున్నర కిలోలు. వేరే డ్రమ్ములో నీళ్లు పోసి, చిన్న పంపు తిప్పుతూ ఉప్పు కొద్దికొద్దిగా వేసి, ఒక రోజంతా కలవనివ్వండి. ఉప్పు మీద నీళ్లు పోయడం కాదు, నీళ్లలో ఉప్పు వేయాలి.

ఆ ఉప్పు కలిపే నీళ్లు ఎలాంటివన్నది ఇంకా ముఖ్యం. బోరు నీళ్లు వద్దు, కుళాయి నీళ్లు వద్దు. ఆర్‌ఓ నీళ్లు కావాలి, దాని తర్వాత మిగిలిన లవణాల్ని పట్టేసే డీఐ రెజిన్ గొట్టం కూడా ఉండి, కరిగిన లవణాల్ని కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపాలి. ఇంట్లో తాగే నీళ్ల ఆర్‌ఓ ఉంది కదా అని నేను మొదటి ట్యాంకు దాంతోనే నింపాను. వేసిన రెండు రొయ్యలూ రెండు రోజుల్లో చచ్చిపోయాయి. అన్ని పరీక్షలూ బాగానే ఉన్నాయి, కారణం తెలియక నెల రోజులు బాధపడ్డాను. చివరికి మిషను మూత తీసి చూస్తే లోపల రాగి కార్ట్రిడ్జ్ ఉంది. రాగి మనిషి ఒంటికి మంచిదని ఇప్పుడు చాలా మిషన్లలో పెడుతున్నారు. రొయ్యకీ, నత్తకీ, పగడానికీ అది విషం. కొన్ని మిషన్లలో మినరల్ గొట్టం ఉంటుంది, కొన్నిటిలో రుచి కోసం పచ్చి నీళ్లనే కొంత తిరిగి కలిపే మర ఉంటుంది. మీ మిషను వాడేటట్టయితే వీటన్నిటికంటే ముందు, ఆర్‌ఓ పొర దాటగానే వచ్చే నీటిని విడిగా పట్టేలా మెకానిక్‌తో గొట్టం వేయించండి, ఆ నీటిని డీఐలోంచి పంపండి.

ఉప్పదనం కొలవడానికి రిఫ్రాక్టోమీటర్ కొనండి. తేలే గాజు కొలబద్దని నమ్మకండి. మన ప్రాంతానికి ఇందులో ఒక సౌకర్యం ఉంది. ఇచ్ఛాపురం, సోంపేట వైపు వనామి రొయ్యల చెరువులున్నాయి, వాటికి సామాను అమ్మే దుకాణాలున్నాయి. రిఫ్రాక్టోమీటర్, ఏరేటర్లు, అమ్మోనియా కిట్లు అలాంటి చోట అడిగి చూడండి. నా రిఫ్రాక్టోమీటర్ అలా వచ్చిందే. కొన్నాక 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35 పాళ్ల ఉప్పు) ద్రావణంతో సరిచూసుకోండి. మంచినీటితో సున్నా కలిపినంత మాత్రాన సరిపోదు.

గుర్తుంచుకోవలసిన అంకెలు ఇవి: ఉప్పదనం 35 పీపీటీ, అంటే సాంద్రత లెక్కలో 1.025 లేక 1.026. వేడి 25 నుంచి 27 డిగ్రీలు. పీహెచ్ 8.1 నుంచి 8.4. ఆల్కలినిటీ, అంటే పీహెచ్‌ని నిలకడగా ఉంచే గుణం, 8, 9 డీకేహెచ్. అమ్మోనియా, నైట్రైట్ సున్నా. నైట్రేట్ 10 పీపీఎం (పది లక్షల పాళ్లలో పది) లోపు ఉంటే హాయి. కాల్షియం 400 నుంచి 450 పీపీఎం, మెగ్నీషియం 1300 దరిదాపుల్లో.

రాళ్లు, ఇసుక

గోపాలపూర్ ఇసుక తెచ్చి వేయకండి. మన ఇసుక ఎక్కువగా పలుగురాయి, అది నీటికి సున్నం ఇవ్వదు. పైగా ఛత్రపురం తీరమంతా ఇల్మనైట్, గార్నెట్, మోనజైట్ కలిసిన బరువు ఖనిజాల ఇసుక. కేంద్ర ప్రభుత్వ ఖనిజాల సంస్థ ఐఆర్‌ఈఎల్ వాళ్ల కర్మాగారం అక్కడ ఉన్నది దాని కోసమే. వేవ్‌మేకర్ వెనక ఉండే గట్టి అయస్కాంతానికి ఆ నల్ల రేణువులు అంటుకుంటాయి, గాజు తుడిచే అయస్కాంతంలో ఇరుక్కుని గాజంతా గీతలు పెడతాయి. అరగొనైట్ అనే సున్నపు ఇసుక కొనండి. గోబీ, రొయ్య జంట కావాలనుకుంటే నాలుగైదు సెంటీమీటర్ల మందం వేసి, అందులో కొంచెం గులకలూ పగడపు పలుకులూ కలపండి. ఒట్టి ఇసుకలో తవ్విన సొరంగం నిలవదు, గులకలుంటే రొయ్య వాటిని కప్పుకి వాడుకుంటుంది.

రాయి ముందు, ఇసుక తర్వాత. ఈ వరస తప్పకండి. ఇసుక మీద రాయి పేరిస్తే రొయ్య దాని కిందే తవ్వుతుంది, ఒకరోజు రాయి కూలి గాజు మీదో రొయ్య మీదో పడుతుంది. రాళ్లు అడుగు గాజు మీదే కదలకుండా నిలబెట్టి, వాటి చుట్టూ ఇసుక పోయండి. వెనక గాజుకి జానెడు ఎడం ఉంచితే నీళ్లు తిరుగుతాయి, శుభ్రం చేయడానికి చెయ్యి పడుతుంది. 15 కిలోల పొడి రాయి చాలు.

లైవ్ రాక్ (ప్రాణులు పట్టి ఉన్న రాయి) పేరుతో ఎవరైనా మన సముద్రంలోంచి తీసిన పగడపు రాయి అమ్ముతామంటే కొనకండి. రాతి పగడాలు, సముద్రపు విసనకర్రలు, సముద్రపు గుర్రాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. పట్టుకోవడం, అమ్మడం, కొనడం నేరం. చట్టం సంగతి అటుంచినా, మన్నారు సింధుశాఖలో వందల ఏళ్లు పెరిగిన దిబ్బని పగలగొట్టి హాల్లో పెట్టుకోవడం నాకు మనసొప్పదు. పొడి రాయి మీద బ్యాక్టీరియా పట్టడానికి కొన్ని వారాలు ఎక్కువ పడుతుంది, అంతే. తర్వాత మెత్తని పగడాలు పెట్టదలిస్తే ఎక్కడినుంచి వచ్చాయో బిల్లుతో సహా చూపగలిగినవాళ్ల దగ్గరే తీసుకోండి.

ఖాళీ ట్యాంకు

ఇప్పుడు ఉప్పునీళ్లు నింపి, పంపులు నడిపి, ఒక పచ్చి రొయ్య వలిచి పలచని గుడ్డలో కట్టి సంప్‌లో వదలండి. అది కుళ్లుతుంది, అమ్మోనియా పుడుతుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది, ఇంకో రకం నైట్రైట్‌ని నైట్రేట్ చేస్తుంది. మొదటి రెండూ చేపకి విషం, మూడోది కొంతవరకు సహిస్తుంది. సీసాలో దొరికే బ్యాక్టీరియా కలిపితే త్వరపడుతుంది. లేకపోతే నాలుగు నుంచి ఆరు వారాలు.

రెండు రోజులకోసారి పరీక్షించి గోడ మీద క్యాలెండర్లో రాయండి. అమ్మోనియా ఎక్కుతుంది, దిగుతుంది. నైట్రైట్ ఎక్కుతుంది, దిగుతుంది. రెండూ సున్నాకి వచ్చాక అమ్మోనియం క్లోరైడు చుక్కలతో అమ్మోనియాని 2 పీపీఎంకి తెచ్చి చూడండి. మర్నాడు అదే వేళకి మళ్లీ రెండూ సున్నా అయితే ట్యాంకు సిద్ధం. ఈ లోపల రాళ్ల మీద, ఇసుక మీద గోధుమరంగు బూజులా పడుతుంది. భయపడి మందులు పోయకండి, దానంతట అదే పోతుంది.

ఎండలు

ఈ ఖాళీ వారాల్లోనే వేడి సంగతి తేల్చుకోండి, చేపలొచ్చాక కాదు. ఏప్రిల్, మే మధ్యాహ్నం ఫ్యాను కింద కూడా మన గదులు 35 డిగ్రీలు దాటతాయి. నీళ్లు 30 దాటితే పగడం రంగు వదిలేస్తుంది. వేడెక్కేకొద్దీ నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది, చేపకేమో అప్పుడే ఎక్కువ కావాలి.

నీటి మీదికి చిన్న ఫ్యాన్లు పెడితే ఆవిరై చల్లబడుతుంది. పొడి గాలి ఉన్న ఊళ్లలో రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. మనది సముద్రపు గాలి, చెమట ఆరని ఊరు. నీరూ అంతే, ఉక్కపోత రోజున ఫ్యాన్ల వల్ల ఒక డిగ్రీ దిగితే గొప్ప. అందుకని ట్యాంకు ఉన్న గదికి ఏసీ ఉండాలి, లేదా నీళ్లని చల్లబరిచే మిషను, చిల్లర్, కొనాలి. చిల్లర్ కొనేటప్పుడు పట్టికలో మీ ట్యాంకుకి రాసిన దానికంటే ఒక మెట్టు పెద్దది తీసుకోండి. ఆ పట్టికలు మన మే నెలని చూసి రాసినవి కావు. దాన్ని బీరువాలో పెట్టి మూయకండి, అది వదిలే వేడిగాలి తిరిగి దాని మొహానికే కొడుతుంది. డిసెంబరు, జనవరి రాత్రులకి 100 లేక 150 వాట్ల హీటరు చాలు.

ఆవిరైపోయేది నీళ్లే, ఉప్పు కాదు. ఫ్యాన్లు తిరిగే రోజుల్లో రోజుకి రెండు మూడు లీటర్లు పోతాయి. ఆ లోటుని ఉప్పులేని ఆర్‌ఓ నీటితోనే నింపాలి. ఉప్పునీళ్లు కలిపితే వారం తిరిగేసరికి ట్యాంకు మడిలా తయారవుతుంది. సంప్ గాజు మీద ఒక గీత గీసుకుని పొద్దున్నే కాఫీ వేళకి ఆ గీత దాకా పోయడం అలవాటు చేసుకోండి. స్తోమత ఉంటే ఆ పని దానంతట అదే చేసే ఆటో టాప్‌ఆఫ్ పెట్టుకోండి.

ఏ చేపలు

150 లీటర్లలో ఐదారు చిన్న చేపలు. అంతకు మించితే నీళ్లు తట్టుకున్నా చేపలు తట్టుకోవు, చోటు కోసం కొట్టుకుంటాయి. దుకాణంలో బొటనవేలంత ఉన్న నీలం సర్జన్ చేప పెరిగితే అడుగు దాకా వస్తుంది. పిల్లలు ఎంత ముచ్చటపడినా ఈ ట్యాంకుకి తేకండి. మూడు చారల డామ్సెల్ చవగ్గా దొరుకుతుంది, గట్టిది కూడా. కానీ నాలుగు నెలలకి మిగతా అందరినీ మూలకి తరుముతుంది. దాన్ని పట్టాలంటే రాళ్లన్నీ పీకాలి.

క్లౌన్ చేపల జంటతో మొదలెట్టాలని అందరికీ ఉంటుంది, అది తప్పూ కాదు. అవి పుట్టుకతో అన్నీ మగవే. గుంపులో పెద్దది ఆడదవుతుంది, అది పోతే దాని జోడు ఆడదిగా మారుతుంది. అందుకని ఒకే సైజువి రెండు కొనకండి. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది తీసుకుంటే తగవు లేకుండా సర్దుకుంటాయి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు మన దేశంలోనే క్లౌన్ చేపల హేచరీ పద్ధతి అభివృద్ధి చేశారు, కాబట్టి హేచరీలో పుట్టినవే అడగండి. అవి గుళికల మేత తింటాయి, గాజు చూసి బెదరవు. వీటికి అనిమోనీ అనే పువ్వులాంటి సముద్రజీవి తోడు తప్పనిసరి కాదు. కొత్త ట్యాంకులో అనిమోనీ తిరుగుతూ వేవ్‌మేకర్లో పడి నలిగితే ట్యాంకు మొత్తం పాడవుతుంది. ఏడాది ఆగండి.

ఫైర్‌ఫిష్ ముందు సగం తెలుపు, వెనక సగం నిప్పు, వీపు మీద జెండాలా లేచే రెక్క. చాలా పిరికిది, ఉలిక్కిపడితే పైకి దూకుతుంది. చిన్న సందు చాలు, పొద్దున్న నేల మీద ఎండిపోయి కనిపిస్తుంది. కిటికీలకి దోమల జాలీ బిగించేవాళ్ల చేత అల్యూమినియం ఫ్రేము చేయించి, దోమల జాలీ బదులు అర సెంటీమీటరు కన్నాలున్న పారదర్శకమైన వల బిగించండి. దోమల జాలీ వెలుతురు తినేస్తుంది. వైర్లు దిగే మూలల దగ్గర కూడా సందు ఉండకూడదు.

బంగాయి కార్డినల్ ఇండోనేషియాలో సులవేసి పక్కన బంగాయి దీవుల్లో మాత్రమే సహజంగా ఉండే చేప. మగది గుడ్లని నోట్లో పెట్టుకుని పిల్లలయ్యేదాకా పస్తులుంటుంది. దీన్ని అక్వేరియంల కోసం విపరీతంగా పట్టడం వల్ల 2007లో ప్రమాదంలో ఉన్న జాతిగా గుర్తించారు. ట్యాంకులో పుట్టి పెరిగిందైతేనే తీసుకోండి. ఒకటే పెట్టండి, రెండు మగవి పడితే ఒకటి చస్తుంది.

టెయిల్‌స్పాట్ బ్లెన్నీ రాయి కన్నంలోంచి తల బయటపెట్టి కళ్లు రెండూ రెండు వైపులా తిప్పుతూ లోకాన్ని చూస్తుంది, రాళ్ల మీద పాచి గీరి తింటుంది. పగడం మీద కాకిలా వాలి కూచునే క్లౌన్ గోబీ ఇంకా చిన్నది, ఎవరి జోలికీ పోదు.

మాండరిన్ చేప మాత్రం వద్దు. దాని అందానికి తిరుగులేదు, నాకు తెలుసు. కానీ అది రోజంతా రాళ్ల మీద కోపిపాడ్లనే కంటికి కనబడీ కనబడని పురుగుల్ని ఏరుకు తింటుంది. కొత్త ట్యాంకులో అవి రెండు వారాల్లో అయిపోతాయి, చేప మీ కళ్ల ముందే చిక్కిపోతుంది.

ఇక నా జంట. పసుపు వాచ్‌మన్ గోబీ, టైగర్ పిస్టల్ రొయ్య. రెండూ ఒకేసారి దొరక్కపోయినా ఫరవాలేదు. రొయ్యని ఒక రాయి పక్కన గొట్టంలోంచి నెమ్మదిగా వదలండి, గోబీని అదే రాయి దగ్గర వదలండి. కొన్నిసార్లు గంటలో కలుస్తాయి, మావి కలవడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. రాత్రిపూట టప్ మని చప్పుడు వస్తే గాజు పగిలిందని కంగారుపడకండి. రొయ్య తన పెద్ద కొండి మూసినప్పుడు నీటిలో పుట్టే బుడగ పేలిన చప్పుడు అది.

తేవడం, విడిగా ఉంచడం

మన ఊళ్లలో ఉప్పునీటి చేపలు ఎప్పుడంటే అప్పుడు దొరకవు. కొందరు కోల్‌కతా నుంచి, కొందరు చెన్నై కొళత్తూరు నుంచి తెప్పించుకుంటారు. బరంపురం హౌరా, చెన్నై రైలుమార్గం మీదే ఉండటం మన అదృష్టం. నాలుగైదు గంటల ప్రయాణమే కాబట్టి నేను విశాఖపట్నం వెళ్లి కళ్లారా చూసి తెచ్చుకుంటాను. చేప దుకాణానికి వచ్చి వారమైనా అయి ఉండాలి. నా ఎదురుగా మేత తినాలి. పొట్ట లోపలికి పోయి ఉండకూడదు, మొప్పలు ఎగరేస్తూ రొప్పకూడదు. ఈ నాలుగూ చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి. దుకాణం నీటి ఉప్పదనం ఎంతో కూడా అడిగి రాసుకోండి. చాలాచోట్ల 1.018, 1.020 దగ్గర ఉంచుతారు.

ఆ అంకె ఎందుకంటే, ఇంట్లో చేప కోసం ముందే సిద్ధం చేసిన 40 లీటర్ల వేరే తొట్టిలో అదే ఉప్పదనం ఉండాలి. దూరప్రయాణంలో సంచీలో చేప వదిలిన అమ్మోనియా పేరుకుంటుంది. చేప ఊపిరి వల్ల పీహెచ్ పడిపోతుంది కాబట్టి అప్పటికి ఆ అమ్మోనియా పెద్దగా హాని చేయదు. సంచీ విప్పగానే గాలి తగిలి పీహెచ్ లేస్తుంది, అదే అమ్మోనియా విషమవుతుంది. అలాంటి సంచీ విప్పి గంటలకొద్దీ చుక్కచుక్కగా నీళ్లు కలపడం చేపని విషంలో ఊరబెట్టడమే. సంచీని మూసినట్టే ఇరవై నిమిషాలు తొట్టిలో తేలనిచ్చి, వేడి కుదిరాక విప్పి, చేపని చేత్తో కాకుండా చిన్న డబ్బాతో తీసి తొట్టిలో వదలండి. సంచీ నీళ్లు పారబోయండి. తొట్టి ఉప్పదనాన్ని తర్వాత నాలుగైదు రోజుల్లో మెల్లగా 1.025కి పెంచండి.

ఈ తొట్టిలో ఇసుక ఉండదు, రాయి ఉండదు. దాక్కోవడానికి రెండు పీవీసీ ఎల్బోలు, సంప్‌లో నెల రోజులు నానబెట్టిన స్పాంజి ఫిల్టరు, హీటరు, మూత. చేప ఇక్కడ కనీసం నాలుగు వారాలు ఉండాలి. ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు వస్తే అది క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి. రాగి మందు దీన్ని చంపుతుంది, కానీ కిట్టుతో కొలుస్తూ సీసా మీద రాసిన మోతాదు తప్పకుండా నెల రోజులు ఉంచాలి, ఆ తొట్టి సామాను మళ్లీ రీఫ్ ట్యాంకులోకి వెళ్లకూడదు. మందు వాడటం ఇష్టం లేకపోతే ఇంకో దారి ఉంది. ప్రతి 72 గంటలకీ చేపని కడిగి ఆరబెట్టిన ఇంకో తొట్టిలోకి, కొత్త నీటిలోకి మార్చండి. నాలుగుసార్లు మారిస్తే, చేపని వదిలి తొట్టి అడుగుకి చేరిన పురుగు తిరిగి చేపని పట్టుకునే వ్యవధి దొరకదు. రెండు ప్లాస్టిక్ తొట్లుంటే చాలు, నేను ఇదే చేస్తాను. అయితే ఇది తెల్లచుక్కలకే పనిచేస్తుంది. ఒళ్లంతా సన్నని దుమ్ము పట్టినట్టు ఉండి రొప్పుతుంటే అది వెల్వెట్, అది గంటల్లో చంపుతుంది. దానికి రాగి తప్పదు.

ఒకసారి తెల్లచుక్క పెద్ద ట్యాంకులోకి వెళ్లిందంటే చేపలన్నిటినీ బయటికి తీసి, ట్యాంకుని 76 రోజులు చేప లేకుండా ఉంచాలి. ఆ 76 రోజుల కంటే ముందు చెప్పిన నాలుగు వారాలు సులువు కదా. రొయ్యలకి రాగి పడదు కనుక వాటిని వేరే డబ్బాలో, చేపలు లేకుండా ఉంచి తర్వాత తేవాలి.

పెద్ద ట్యాంకులోకి వరస ఇలా: ముందు గోబీ, రొయ్య. మూడు వారాల తర్వాత ఫైర్‌ఫిష్. తర్వాత కార్డినల్, బ్లెన్నీ. ఇల్లు తమదనుకునే క్లౌన్ జంట ఆఖర్న. పిరికివాటికి ముందు చోటు దొరకాలి. ప్రతిసారీ లైట్లు ఆర్పి, సాయంత్రం వదలండి.

తిండి, వారం పని

చేప కన్ను ఎంతుందో మేత ముక్క అంతే ఉండాలి. రోజుకి రెండుసార్లు, రెండు నిమిషాల్లో అయిపోయేంత. ఫ్రీజ్ చేసిన మైసిస్, ఆర్టీమియా అనే బుల్లి రొయ్యల్లాంటి ప్రాణులు, ఒకపూట గుళికలు. తాజా చిన్న రొయ్యల్ని వలిచి, కడిగి, ఫ్రీజరులో గట్టిపరిచి బ్లేడుతో సన్నగా తురిమితే నా ట్యాంకులో అన్నిటికంటే ముందు ఖర్చయ్యేది అదే. గోబీ గుంత దాటి రాదు కాబట్టి పొడుగాటి గొట్టంతో దాని గుమ్మం దగ్గర వేయండి, రొయ్యకి కూడా అందుతుంది. రెండేళ్లకోసారి మా బరంపురంలో జరిగే ఠాకురాణి యాత్రకి చుట్టాలొచ్చినప్పుడు మేత డబ్బా బీరువాలో పెట్టి తాళం వేస్తాను. పిల్లలు ముచ్చటపడి వేసే ఒక్కో చిటికే కలిసి రాత్రికి అమ్మోనియా అవుతుంది. వాళ్లకి ఆ రోజు మేత ముందే కొలిచి చిన్న గిన్నెలో ఇవ్వండి, వాళ్ల చేతే వేయించండి.

ఆదివారం పొద్దున్న 15 లీటర్లు తీసి, ముందురోజు కలిపిన ఉప్పునీళ్లు అదే వేడికి తెచ్చి పోయండి. స్కిమ్మర్ గిన్నె కడగండి, గాజు తుడవండి. ఆల్కలినిటీ, నైట్రేట్ చూసి రాయండి. గంట పని. లైటు రోజుకి ఎనిమిది గంటలు మించక్కర్లేదు.

అక్టోబరు

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటింది. ఈ తీరంలో ట్యాంకు పెట్టినవాళ్లు దసరా సామానుతో పాటు తుఫాను సామాను కూడా సర్దుకోవాలి.

తిత్లీ రోజుకి నా దగ్గర ఇన్వర్టర్ ఉంది, దాని మీద స్కిమ్మర్, పెద్ద పంపు, లైటు అన్నీ వేశాను. సాయంత్రానికి బ్యాటరీ అయిపోయింది, తెల్లారేసరికి కార్డినల్ పోయింది. ఇన్వర్టర్ మీద ఒకే ఒక్క డీసీ వేవ్‌మేకర్ పెట్టి, దాన్ని నీటి పైపొర కదిలేలా ఎత్తి ఉంచితే అదే బ్యాటరీ రెండు మూడు రోజులు వచ్చేది. చేపకి ముందు కావలసింది గాలి, ఆ తర్వాతే ఇంకేదైనా.

కాబట్టి సెప్టెంబరు ఆఖరుకి ఇవి ఇంట్లో ఉండాలి: బ్యాటరీతో నడిచే రెండు గాలి పంపులు, వాటికి రెండు జతల కొత్త సెల్సు, 50 లీటర్ల ఆర్‌ఓ నీళ్లు, దానికి సరిపడా ఉప్పు, ఫ్రీజరులో గడ్డకట్టించిన నాలుగు నీళ్ల సీసాలు. హెచ్చరిక రాగానే సగం నీళ్లు కాదు, మామూలు 15 లీటర్లే మార్చండి. మేత ఆపేయండి, ఆరోగ్యంగా ఉన్న చేపకి నాలుగు రోజులు పస్తు ఏమీ చేయదు. కరెంటు పోయాక ఇన్వర్టర్ మీద వేవ్‌మేకర్ తప్ప ఏదీ ఉంచకండి. నీరు 29 దాటితే ఒక్కో ఐసు సీసా మూత బిగించి సంప్‌లో తేలేయండి, ఒకేసారి రెండు వేయకండి. మూసి ఉండే క్యానిస్టర్ ఫిల్టరు ఉంటే, కరెంటు వచ్చాక దాన్ని కడగకుండా వేయకండి. లోపల ఇరుక్కున్న నీరు గాలి లేక కుళ్లి ఉంటుంది, ఆ నీరంతా ఒక్కసారిగా ట్యాంకులోకి వస్తుంది.

కరెంటు వచ్చినా లైట్లు ఆ రోజు వేయకండి, మర్నాడు నాలుగు గంటలు చాలు. అమ్మోనియా చూడండి, ఉంటే మళ్లీ 15 లీటర్లు మార్చండి. కాసేపు ట్యాంకు ముందు కదలకుండా కూర్చోండి. ఫైర్‌ఫిష్ రేపటిదాకా బయటికి రాదు, దాని గురించి కంగారు లేదు. గుంత దగ్గర చూడండి. ముందు గోబీ తల కనిపిస్తుంది. దాని పక్కన రొయ్య మీసం కూడా కనిపించి, ఒక మోపు ఇసుక బయటపడిందంటే, అప్పుడు రోజూ వేసే మేతలో సగం వేయండి.